పరికరాలు: చెప్పం. ఫలితం: అద్భుతం!

2023లో ఇంటర్ పిల్లలకు తీరని అన్యాయం జరిగింది. ఆ ఏడాది మార్చి 14న ఓపెన్‌ఏఐ విడుదల చేసిన జీపీటీ-4 సాంకేతిక నివేదిక ఓ నెల ముందే వచ్చుంటే, ప్రాక్టికల్ రికార్డు రాసే చాకిరీ తప్పేది. దాదాపు వంద పేజీలు. అందులో మోడల్ సైజు లేదు, ఏ యంత్రాల మీద తయారైందో లేదు, ఏ డేటా వాడారో లేదు, శిక్షణ ఎలా ఇచ్చారో లేదు. పోటీ ఎక్కువగా ఉంది, పైగా భద్రత సమస్య, అందుకే చెప్పడం లేదని వాళ్లే రాసుకున్నారు.

ఇకపై మనవాళ్లూ ఈ దారే పట్టాలి. ప్రయోగం: సాధారణ లోలకం. ఉద్దేశం: జి విలువ కనుక్కోవడం. పరికరాలు: చెప్పం, పక్క బెంచీవాడు చూస్తున్నాడు. దారం పొడవు: చెప్పం. ఎన్ని డోలనాలు, ఎన్ని సెకన్లు: పోటీ పరిస్థితుల దృష్ట్యా చెప్పం. ఫలితం: 9.8. గ్రాఫులా? రంగురంగులవి బోలెడు.

"దారం ఎంత తీసుకున్నావు బాబూ?" అని ఎక్స్‌టర్నల్ ఎగ్జామినర్ అడిగితే, "ఆ పొడవు దుర్మార్గుల చేతికి చిక్కితే లోకం ఏమైపోతుంది సర్?" అని ఎదురడగాలి. కెమిస్ట్రీ ల్యాబ్‌లో బ్రౌన్ రింగ్ ఏదంటే, "నిన్న మా ఇంట్లో వచ్చింది" అనాలి. మళ్లీ చేసి చూపించమంటే నెలకు 20 డాలర్ల చందా కట్టించుకోవాలి. ముప్పైకి ముప్పై మార్కులూ తానే వేసుకుని, మానవజాతి భవిష్యత్తు కోసం ఇంకో పెద్ద లోలకం కడతానని పెట్టుబడి అడగాలి.

ఆశయం పెద్దదైతే తప్పులేదు. ప్రొటీన్ల ఆకారం యాభై ఏళ్ల చిక్కుముడి. దాన్ని విప్పడానికి డీప్‌మైండ్ అనే ఏఐ సంస్థ వాళ్లు బయటివాళ్లు పెట్టిన పరీక్షకు కూర్చుని నెగ్గారు, 2021లో పద్ధతిని నేచర్‌లో అచ్చేశారు, కోడ్ కూడా ఇచ్చారు. జీపీటీకి వెన్నెముక ట్రాన్స్‌ఫార్మర్ అనే నమూనా. దాన్ని 2017లో గూగుల్ పరిశోధకులు అరమరికల్లేకుండా రాసిపెట్టారు కాబట్టే, ఇవాళ ఓపెన్‌ఏఐ వాళ్లకు దాచుకోవడానికంటూ ఒకటుంది.

అదే జీపీటీ-4 నివేదికలో మన తెలుగూ ఉంది. ఒక ప్రశ్నపత్రాన్ని 26 భాషల్లోకి తిప్పి పరీక్షించారు. ఇంగ్లిష్‌లో 85.5 శాతం, తెలుగులో 62. అట్టడుగున మనమే. ఎందుకు? తెలుగు పాఠాలు తక్కువ పెట్టారా? ప్రశ్నల్ని యంత్రంతో అనువదించారు కదా, చెడింది ఆ అనువాదమా? లేక శిక్షణలోనే లోపముందా? వరంగల్‌లోనో విశాఖలోనో కూర్చున్న పరిశోధకుడు దీన్ని తేల్చలేడు. తెలివి లేక కాదు, తేల్చడానికి కావలసినవన్నీ తాళం వేసి పెట్టారు కాబట్టి. తప్పెక్కడుందో వెతికే వీలు ఇంకొకరికి లేనప్పుడు అది సైన్సు ఎలా అవుతుంది? సరుకంటారా, అమ్ముకోండి, లాభం చేసుకోండి, గుట్టు మీ ఇష్టం. కానీ మా భాషను పరీక్షకు కూర్చోబెట్టి, అందరికంటే తక్కువ మార్కులేసి, కారణం మాత్రం అడగొద్దంటూ దానికి పరిశోధన అని పేరు పెడితే, అది శాస్త్రం కాదు, పెత్తనం.