కొత్త పద్దు

అపార్ట్‌మెంట్ అసోసియేషన్‌లో ట్రెజరర్ పదవికి పోటీ ఉండదు. బ్యాంకులో రిటైరయినవాడు ఒకడు దొరికితే చాలు, లెక్కల పుస్తకం తెచ్చి వాడి ఒళ్లో పడేస్తారు. మాది విశాఖపట్నం సీతమ్మధారలో ఇరవై ఫ్లాట్ల బిల్డింగు. కామన్ కరెంటు, లిఫ్టు, మోటారు రిపేర్లు, వాచ్‌మన్ జీతం. నా పుస్తకంలో ఎప్పుడూ ఉండేవి ఈ నాలుగు పద్దులే. కిందటి దసరాల్లో అయిదోది చేరింది. దాని పేరు ‘జీవకారుణ్యం’. పెట్టించింది మా సెక్రటరీ గారు.

ఆయన ప్రభుత్వంలో పెద్ద ఉద్యోగమే చేసి దిగారు. సెక్షన్ నంబరు లేకుండా మాట్లాడితే ఆయనకి మాట్లాడినట్టుండదు. నోటీసుబోర్డు అంటే ప్రాణం. కారన్నా ప్రాణమే. రోజూ పొద్దున్నే తనే తుడుచుకుంటారు.

దసరా ముందు జనరల్ బాడీ పెట్టాం. ట్యాంకు కడిగించడం, టెర్రస్ మీద లీకు, చుట్టాల కార్ల పార్కింగు, పిల్లి బెడద. ఇవీ అజెండాలో అంశాలు. మొదటి మూడింటి మీదా రెండు గంటలు కొట్టుకున్నాం. నాలుగోది చదివేసరికి ఉప్మా చల్లారిపోతోందని ఎవరో అన్నారు. ‘తగు చర్య తీసుకొనబడును’ అని మినిట్స్‌లో రాసి లేచిపోయాం.

మూలానక్షత్రం నాడు పొద్దున్న మీటర్ల గదిలోంచి కీచుకీచుమని చప్పుడు. ఎలకలనుకుని వాచ్‌మన్ భార్య చీపురు పట్టుకుని వెళ్లింది. పాత ఫ్లెక్సీ చుట్ట వెనకాల మూడు పిల్లికూనలు. రెండు బూడిద రంగువి, ఒకటి నల్లది. కళ్లు మూసుకునే ఉన్నాయి, చెవులు నెత్తికి అతుక్కుని ఉన్నాయి. బొడ్డు దగ్గర ఎండిపోయిన పేగుముక్క ఇంకా వేలాడుతోంది. చెయ్యి పెడితే చల్లగా తగిలాయి.

మూడో అంతస్తు ఆయన మున్సిపాలిటీ బండిలో వేసెయ్యమన్నారు. అంతే, సెక్రటరీ గారికి చిర్రెత్తుకొచ్చింది. పావుగంటలో నోటీసుబోర్డు మీద కాగితం అంటింది. 1960 నాటి జంతుహింస నిరోధక చట్టం, సెక్షన్ 11 ప్రకారం సరైన కారణం లేకుండా జంతువుని ఆకలిదప్పులకి వదిలేయడం నేరం అని. అంకె కనబడితే ఆరా తీయడం నాకు అలవాటు. జరిమానా ఎంతా అని చూశాను. మొదటి తప్పుకి పది రూపాయల నుంచి యాభై దాకా! 1960లో యాభై అంటే మాటలా! ఇప్పుడు సందు చివర రెండు ప్లేట్ల ఇడ్లీకి సరిపోదు.

కూనల్ని పశువుల డాక్టరు దగ్గరికి సెక్రటరీ గారి కారులోనే తీసుకెళ్లాం. కొత్త సీటు కవరు మీద ఆయనే తన తువ్వాలు పరిచారు. అది చూసి నాకు నిజంగా ఆశ్చర్యం వేసింది.

డాక్టరు గారు ఒక్కొక్కదాన్నీ త్రాసులో పెట్టారు. నూరు గ్రాములకి కాస్త అటూ ఇటూ. పుట్టి రెండు మూడు రోజులై ఉంటుందన్నారు. “ఆవుపాలు పట్టకండి, విరేచనాలు పట్టుకుంటే ఇంత ప్రాణం నిలవదు. పిల్లికూనల పాలపొడి వేరే ఉంది. చలికి బిగుసుకున్నప్పుడు పాలు పట్టినా అరగవు, ముందు ఒళ్లు వెచ్చబెట్టండి, తర్వాతే పాలు. మన పిల్లల్లాగా వెల్లకిలా పడుకోబెట్టి పట్టారంటే ఊపిరితిత్తుల్లోకి పోతాయి. బోర్లా ఉంచి పట్టండి. రెండు మూడు గంటలకోసారి, రాత్రి కూడా” అన్నారు. అన్నిటికన్నా కష్టమైనది చివర్న చెప్పారు. ఈ వయసు కూనలకి తమంతట తాము ఒంటికి పోసుకోవడం రాదట. తల్లి నాకితేనే వస్తుందట. గోరువెచ్చటి నీళ్లలో ముంచిన దూదితో ప్రతిసారీ అక్కడ మెల్లగా తుడవాలి.

ఇంతా చెప్పి, “అసలు తల్లి కోసం చూశారా? తిండికి పోయిన పిల్లి గంటలకొద్దీ రాకపోవచ్చు. మనిషి ముట్టుకున్నాడని పిల్లల్ని వదిలెయ్యడమంతా వట్టిమాట. ఎన్ని డబ్బాలు పట్టినా తల్లిపాలకి సాటి రావు. దొరికితే దాని దగ్గరే ఉంచండి” అన్నారు.

“రాదండీ” అన్నారు సెక్రటరీ గారు.

ఇంటికొచ్చాక మా ఆవిడా అదే అడిగింది. “పిల్లి ఏడిళ్లు తిప్పుతుందంటారు కదండీ. మారుస్తూ మారుస్తూ మధ్యలో వెళ్లిందేమో, వస్తుందేమో చూడకూడదూ?”

“రాదమ్మా.”

“ఏం, ఎందుకు రాదూ?”

“ఈ కాలం తల్లులు అంతే” అన్నారాయన. పక్కనే నిలబడ్డ వాచ్‌మన్ గొంతు సవరించుకుని, జేబులోంచి ఏదో మడత కాగితం తీయబోయాడు. “సార్, ఆ కాయితం...”

“తర్వాత చూద్దాం. ముందు వేణ్ణీళ్లు పట్రా.”

మా ఆవిడ ఊరుకోలేదు. ఆ రాత్రి మీటర్ల గది గుమ్మంలోనూ ఫ్లెక్సీ చుట్ట చుట్టూతానూ బియ్యప్పిండి పల్చగా చల్లింది. తల్లి వచ్చి వెతుక్కుంటే అడుగుజాడ పడుతుందని. తెల్లారి చూస్తే పిండిలో చీమలు తీసిన బాట తప్ప ఏమీ లేదు. దానికి ఆవిడ ఆ పిల్లిని తిట్టిన తిట్లు నేనిక్కడ రాయలేను. బిల్డింగులో ఆడవాళ్లందరూ తలో మాటా అన్నారు. కన్నపేగు లేని ముండ అని ఒకావిడ. నవరాత్రుల్లో అమ్మవారికి కుంకుమపూజ చేసుకుంటూ మధ్యలో ఆ పిల్లికి శాపనార్థాలు.

సెక్రటరీ గారు మాత్రం మాటతో సరిపెట్టే మనిషి కాదని తేలిపోయింది. కూనల్ని తన గదిలోనే పెట్టుకున్నారు. చెప్పుల అట్టపెట్టె, అందులో పాత శాలువా, దాని కింద ఒక పక్కకి మాత్రమే వేడినీళ్ల సంచి. మరీ వేడెక్కితే అవతలికి పాకడానికి చోటుండాలి కదా. అలారం పెట్టుకుని లేచేవారు. ఓ అర్ధరాత్రి కరెంటు పోయి నేను ఆయన తలుపు తట్టాను. సెల్‌ఫోను లైటు నోట కరుచుకుని, నల్లకూనని అరచేతిలో బోర్లా పెట్టుకుని, ఇంకుఫిల్లరుతో బొట్టుబొట్టుగా పాలు పడుతున్నారు. అది ముందరికాళ్లతో ఆయన బొటనవేలిని పిసుకుతోంది. తల్లి పొదుగు అనుకుంటోందన్నమాట. ఆయన ఊపిరి కూడా మెల్లగా పీలుస్తున్నారు. ముప్ఫై అయిదేళ్లు ఫైళ్లు విసిరికొట్టిన చెయ్యి అంత నెమ్మదిగా కదలగలదని నేననుకోలేదు.

రోజూ తూచి గోడ క్యాలెండరు మీద రాసేవారు. రెండు కూనలు రోజుకి పది గ్రాములకి తక్కువ కాకుండా పెరిగాయి. మూడోది, బూడిద రంగు చిన్నది, పెరగలేదు. విజయదశమి వెళ్లాక ఓ తెల్లవారుజామున పోయింది. నందివర్ధనం మొక్క పక్కన గొయ్యి తీయించి, ఆ పూట ఆయన అన్నం తినలేదు.

మిగతా రెండూ రెండోవారంలో కళ్లు తెరిచాయి. పిల్లిపిల్లలన్నిటికీ మొదట్లో కళ్లు నీలంగానే ఉంటాయి. అది తెలీక, విదేశీ జాతి తగిలిందని మా బిల్డింగులో ఒక వదంతి పుట్టింది.

పాలపొడి డబ్బా బిల్లు చూసి నాకు బియ్యం బస్తా గుర్తొచ్చింది. ఏ పద్దులో రాయాలని అడిగితే, “కొత్త పద్దు తెరవండి. జీవకారుణ్యం అని రాయండి. పిల్లులకి సంబంధించిన ఖర్చు ఏదైనా సరే, అందులోనే రాయండి. అక్కడోటీ ఇక్కడోటీ రాస్తే ఆడిట్‌లో నాకు ప్రాణం మీదికొస్తుంది” అన్నారు. వాచ్‌మన్ అప్పుడూ అక్కడే ఉన్నాడు. అప్పుడూ కాగితం తీయబోయాడు. అప్పుడూ తర్వాతే.

కార్తీకమాసంలో వనభోజనాలకి సింహాచలం అవతల ఓ తోటకి వెళ్లాం. ఉసిరిచెట్టు కింద పూజయ్యాక సెక్రటరీ గారికి సన్మానం. “దేవకి వదిలేసినా యశోద వదల్లేదు. మన యశోదమ్మ ఈయనే” అని ప్రెసిడెంటు గారు శాలువా కప్పారు. దేవకి వదిలెయ్యలేదు, జైల్లో ఉంది పాపం అని నేను గొణిగాను గానీ, పులిహోర వస్తోంది, ఎవరూ వినలేదు. సెక్రటరీ గారు కన్నతల్లి కర్తవ్యం గురించి పది నిమిషాలు మాట్లాడారు. నల్లకూన ఆయన భుజం మీద కూర్చుని శాలువా జరీ పీకుతోంది. ఆయన కళ్లు చెమర్చాయి. మా ఆవిడ కళ్లూ చెమర్చాయి.

మర్నాడు సాయంత్రం లెక్కలు ముగిద్దామని కూర్చున్నాను. పాలపొడి, ఇంకుఫిల్లర్లు, దూది, డాక్టరు ఫీజు. శాలువా కూడా అందులోకే. వాచ్‌మన్ వచ్చి గుమ్మం దగ్గర నిలబడ్డాడు. మనిషిది టెక్కలి వైపు.

“బాబూ, నా కాయితం ఒకటుండిపోనాదండి. సెక్రటరీ బాబుని ఎప్పుడడిగినా తరవాత అంటన్నారు.”

మడతలు నలిగిపోయి ఉంది. ఆటో, రానూ పోనూ, మూడువందల అరవై.

“ఎక్కడికయ్యా ఇంత?”

“హార్బరుకండి. రాత్రి పూట గదండి, మరీ ఎక్కువ దొబ్బినాడు.”

“ఫిషింగ్ హార్బరుకా? అక్కడ మనకేం పని?”

“మన పిల్లిని ఒగ్గీసి రమ్మన్నారు గదండి. కారు మీద గీతలెట్టేస్తందని. సంపితే మహా పాపం, బంగారు పిల్లిని సేయించి కాశీలో దానమిచ్చినా పోదంట. హార్బరయితే సేపలు తినీసి బతికీస్తాదన్నారు. దగ్గర్లో ఒగ్గీస్తే మల్లా వొచ్చీస్తాదని, అంత దూరం.”

కాగితం మీద తేదీ చూశాను. మూలానక్షత్రానికి ముందు రోజు.

“అది ఈనిందని నీకు తెలీదా?”

“గోనెలో ఏసీసినాక ఏటి తెలుస్తాదండి బాబూ. ఆటో దిగి సూస్తే గోనె అడుగంతా తడిసిపోనాది. ఉచ్చ పోసీసిందనుకున్నాను. సెయ్యెడితే జిగటగా ఉన్నాది. పాలండి. అక్కడి నుంచే ఫోను సేసినాను బాబుకి, పిల్లల తల్లండీ, ఎనక్కి తెచ్చీమంటారా అని. ఆటో ఎయిటింగు అవతాది, ఒగ్గీసి వొచ్చీమన్నారు.”

నేను పెన్ను మూత తీశాను. పుస్తకంలో ఆ పేజీ, ఈ పేజీ తిప్పాను.

“దీన్ని ఏ పద్దులో రాయమంటావయ్యా?”

వాచ్‌మన్ వెటకారం ఎరగని మనిషి. పుస్తకం మీదికి వంగి చూశాడు.

“పిల్లుల ఖర్సు ఏదైనా ఆ కారుణ్నెంలోనే రాయమన్నారు గదండి.”