హాతింతాయి ఊళ్లో మొక్కు

హాతింతాయి చేసిన ఏడు సాహసాల్లో ఒక్కటీ తన కోసం కాదు. మునీర్‌షామీ అనే రాకుమారుడు హుస్న్‌బానూ మీద మనసు పడితే, ఆ పిల్ల వేసిన ఏడు ప్రశ్నలకీ జవాబులు వెతుక్కుంటూ ఈయన అడవులూ ఎడారులూ పట్టుకు తిరిగాడు. అది కథ. కథ వెనకాల నిజం మనిషీ ఒకాయన ఉన్నాడు. ఇస్లాంకు ముందు కాలపు కవి, తయ్యి తెగవాడు, అడిగినవాడికి లేదనని దాత. ఆయన సీమ సౌదీలోని ఈ హాయిల్. నేను పదకొండేళ్లుగా ఏసీలు బాగుచేస్తున్నదీ ఇక్కడే. ఆ గాలి సోకబట్టే కొండెక్కుతానని నలుగురి ముందూ నోరు జారాను.

మావాడికి తొమ్మిదేళ్లు. ఆటిజం. "ఎప్పుడు తగ్గుతుంది?" అని అడిగేవాళ్లకు ఇది జలుబు కాదని చెప్పి చెప్పి నాకే జలుబు చేసింది. లియో కానర్ అనే డాక్టరు పదకొండు మంది పిల్లల్ని చూసి దీని గురించి రాసింది 1943లో. మన దేశం 2016 చట్టంలో దీన్ని వైకల్యాల జాబితాలోకి ఎక్కించింది. మా బంధువులు మాత్రం ఇంకా దిష్టి దగ్గరే ఆగిపోయారు.

వాడికి కారు నంబరు పలకల మీది అరబ్బీ అంకెలన్నీ వచ్చు. సొంతంగా మాట్లాడేది తక్కువ. కానీ ఎక్కడో విన్న మాటని, విన్న గొంతుతో, విన్న రాగంతో, మూడు రోజుల తర్వాతైనా సరే తిరిగి అప్పజెప్పేస్తాడు. దీన్ని ఎకోలేలియా అంటారు. మా ఆవిడ టేప్‌రికార్డర్ అంటుంది. ఒకసారి ఇంటి ఓనరు వస్తే అచ్చం నా గొంతుతో, "ఈ ముసలాయన అద్దె పెంచడానికే వచ్చినట్టున్నాడు" అన్నాడు. ఆయనకు తెలుగు రాదు గనక ఏదో స్వాగత వచనం అనుకుని, మురిసిపోయి, మర్నాడు రెండు కిలోల ఖర్జూరాలు పంపించాడు. అద్దె కూడా పెంచలేదు.

ఇక సాయంత్రం అయిదింటికి తమీస్ రొట్టె. అఫ్గాన్ ఆయన పొయ్యిలోంచి కొక్కెంతో లాగి బల్ల మీద పడేసే ఆ పళ్లెమంత రొట్టె మీద వేళ్ల గుంటలుంటాయి. మావాడు ముందు వాటిని లెక్కపెట్టాలి. తర్వాతే తినాలి. అయిదూ పదైతే ఇంట్లో ప్రళయం.

సంగతేమిటంటే, మా రాజంపేట వైపు కొందరు తల్లులు కలిసి ఇలాంటి పిల్లలకు చిన్న శిక్షణ కేంద్రం నడుపుతున్నారు. మాటలు నేర్పే టీచరు వారానికి రెండు రోజులే వస్తుంది. మూడో రోజుకు డబ్బు చాలదు. లండన్ మారథాన్‌లో ఇలాంటి పనుల కోసం ఖడ్గమృగం వేషం వేసుకుని మరీ పరిగెత్తుతారు. నాకు మూడో అంతస్తు బాల్కనీలోంచి కిందికి చూస్తేనే కళ్లు తిరుగుతాయి. అందుకే హాయిల్ పక్కనున్న అజా కొండ ఎంచుకున్నాను. భయం లేని పని చేస్తే చందా ఎవడిస్తాడు?

చందా అన్నాను గానీ, ఈ దేశంలో అనుమతి లేకుండా పుస్తకం పట్టుకుని వసూళ్లకు బయల్దేరితే ఎక్కాల్సింది కొండ కాదు, పోలీసు జీపు. అందుకని ఎవరి డబ్బు వాళ్లే ఊళ్లో ఖాతాకు పంపుకోవాలన్నాం. భారత పౌరుడు తన జీతం డబ్బు బ్యాంకు ద్వారా పంపితే అది విదేశీ విరాళం కిందికి రాదని మా అకౌంటెంటు మిత్రుడు చట్టం చదివి చెప్పాడు. మీటరు ఎత్తుకు తలా అయిదు రియాళ్లు, వంద మీటర్లు. కరీంనగర్ డ్రైవరు తమ్ముడు నన్ను ఎగాదిగా చూసి, "గుట్టెక్కుడు నీతోని యాడైతదన్నా, నువ్వు ఎక్కనంటే వెయ్యిస్త" అన్నాడు. కాసేపు నిజంగానే ఆలోచించాను.

అమ్మకు ఫోన్లో చెప్పాను. స్పీకర్ పెట్టడం నా తప్పు. "తిరుమల కొండకు నడిచి పోదాం రా అంటే మోకాళ్లు నొస్తాయంటివే! ఊరు గాని ఊర్లో ఏ కొండ ఎక్కుతావురా?" అని ఎత్తుకుంది. అలిపిరి దారిలో 3550 మెట్లు. ఆ కొండకు అంత దగ్గర్లో పుట్టి ఒక్కసారీ కాలినడకన పోలేదన్నది ఆమె పాతికేళ్ల ఫిర్యాదు. ఆలోచిస్తే ఆమెదీ న్యాయమే. ఒకరి మేలు కోరి మరొకరు ఒళ్లు హూనం చేసుకోవడం మనకు కొత్తేం కాదు, దానికి మొక్కు అని పేరు. కాకపోతే ఏడుకొండలవాడు మీటర్లు కొలవడు.

ఏప్రిల్ 2 ఆటిజం అవగాహన దినం. ఆ తర్వాతి శుక్రవారం అందరం అజా దగ్గరికి పోయాం. కింద తుమ్మచెట్టు నీడలో చాప, ఫ్లాస్కు, చెవులకు హెడ్‌ఫోన్లతో మావాడు. పైన ఎర్రటి గ్రానైటు. అజా, సల్మా ప్రేమికులనీ, పట్టుబడి ఆ రెండు కొండల మీదా ప్రాణాలు పోగొట్టుకున్నారనీ ఇక్కడివాళ్లు చెప్పుకుంటారు. ఎక్కేముందు గుర్తు రావాల్సిన కథ కాదు.

అరవై మీటర్ల దాకా బాగానే పోయాను. అరవై నాలుగో మీటరు దగ్గర నున్నటి బండ. దాని మీద బోర్లా పడుకుని కిందికి చూశాను. చాప తపాలా బిళ్లంత ఉంది. ఇక పైకీ పోలేను, కిందికీ రాలేను. చెంపకు బండ వెచ్చగా తగులుతోంది, ముక్కు ముందు ఒక చీమ ఎంతో తేలిగ్గా ఎక్కిపోతోంది. కింద నలుగురూ నాలుగు సలహాలు అరుస్తున్నారు. ఇంతలో అవన్నీ ఆగిపోయాయి. కొండ గోడకు తగిలి రెండుసార్లు వినపడింది, సాక్షాత్తూ మా అమ్మ గొంతు:

"మోకాళ్లు నొస్తాయంటివే!"

బండ మీద బోర్లా పడుకుని నవ్వితే ఏమవుతుందో చెప్తా వినండి. జారతాం. రెండు గజాలు జారి, ప్యాంటు చిరిగి, ఒక తుప్ప పట్టుకుని ఆగాను. ఆ జారుడుతో భయం తీరిపోయింది, మిగతాదంతా కూర్చునే దిగాను.

అకౌంటెంటు అరవై నాలుగింటికే లెక్క కట్టాడు. జారిన రెండు గజాలూ తీసెయ్యాలా అని అడిగాడు కూడా. డ్రైవరు తమ్ముడు, "డైలాగుకే అయిదు వందలిస్త, పంచ్ అట్లున్నది" అని అప్పటికప్పుడే ఫోన్లోంచి పంపాడు. మావాడు ఎవర్నీ పట్టించుకోకుండా నా చెయ్యి పట్టుకుని కారు వైపు లాగాడు. టైము నాలుగూ నలభై. చిరిగిన ప్యాంటుకు టవలు చుట్టుకుని రొట్టెల కొట్టు ముందు నిలబడ్డాను. ఆ రోజు తమీస్ మీద ముప్ఫై ఎనిమిది గుంటలున్నాయి.