కిలావెయా ఇకి దారిలో ఒక ఆహు ఆత్మకథ

హవాయి దీవుల్లో, అడుగుజాడ నిలవని లావా నేలపై దారి తెలియజేయడానికి పేర్చే రాళ్ల కుప్పను ఆహు అంటారు. ఇక్కడ తన జీవితాన్ని చెప్పుకొంటున్న ఆహు హవాయి అగ్నిపర్వతాల జాతీయోద్యానంలో, కిలావెయా అగ్నిపర్వత శిఖరాన్ని ఆనుకొని ఉన్న కిలావెయా ఇకి అనే అగ్నిబిలం అడుగున మోకాలెత్తున నిలిచి ఉంది. ముందొక ఆహు, వెనకొక ఆహు కనిపించే దూరంలో నిలబడి, నడిచేవారికి తరువాతి అడుగు ఎటు వేయాలో చెప్పడమే దాని పని. 1916 ఆగస్టు 1న ఏర్పడి, 1987లో యునెస్కో ప్రపంచ వారసత్వ జాబితాలో చేరిన ఈ ఉద్యానంలో 240 కిలోమీటర్లకు పైగా నడకదారులు ఉన్నాయి. వాటిలో ఈ ఆహు వంతుకు వచ్చినది కొన్ని పదుల అడుగుల నేల మాత్రమే అయినా, ఆ కొద్దిపాటి దూరానికి పూర్తి బాధ్యత దానిదే.

దాని రాళ్ల పుట్టుక తేదీతో సహా నమోదై ఉంది. 1959 నవంబరు 14 రాత్రి ఈ బిలపు దక్షిణ గోడలో నేల నిలువునా చీలి, సుమారు 1,200 డిగ్రీల సెల్సియస్ వేడిగల లావా పైకి చిమ్మింది. డిసెంబరు 20 వరకు 17 విడతలుగా సాగిన ఆ విస్ఫోటంలో ఒక దశలో లావా ధార 580 మీటర్ల ఎత్తుకు లేచింది. అంతకుముందు ఈ బిలం ఇప్పటికంటే దాదాపు రెట్టింపు లోతుగా, అడుగున చెట్లతో పచ్చగా ఉండేది. ఆ చెట్లన్నిటినీ కప్పివేస్తూ 120 మీటర్లకు పైగా లోతున్న లావా సరస్సు ఏర్పడగా, గాలివాటున పడిన బోలురాళ్లు అంచుమీద పువు పువాయి అనే కొండగా పేరుకున్నాయి. ఒక్కో విడత ముగిసినప్పుడల్లా లావాలో కొంత భాగం పుట్టిన చీలికలోకే తిరిగి జారిపోయేది. చివరికి సరస్సు మట్టం దిగిపోయినా, అది ఒకప్పుడు ఎంత ఎత్తుకు నిండిందో తెలిపే నల్లని చార బిలం గోడలపై నేటికీ కనిపిస్తుంది.

సరస్సుపై తొలి పొర పాల మీద మీగడలా త్వరగానే కట్టినా, లోపలి లావా పూర్తిగా గడ్డకట్టడానికి 1990ల మధ్య దాకా పట్టింది. ఆ మధ్యకాలంలో, అంటే 1960 నుంచి 1988 వరకు, శాస్త్రవేత్తలు పలుమార్లు ఈ పొరలోకి రంధ్రాలు తొలిచి, పొర మందం ఏటేటా ఎంత పెరుగుతున్నదో, కింద మిగిలిన ద్రవంలో ఏ ఖనిజం ఎప్పుడు గట్టిపడుతున్నదో కొలిచారు. థామస్ జాగర్ 1912లో ఇక్కడ అగ్నిపర్వత పరిశీలనశాలను నెలకొల్పిన నాటినుంచి సాగుతున్న అధ్యయనంలో అది విలువైన అధ్యాయం. చల్లబడిన లావా నున్నగా, తాడు మెలికలుగా ఉంటే పాహొయెహొయె అనీ, గరుకుగా, పదునైన ముక్కలుగా ఉంటే ఆఆ అనీ హవాయి భాషలో పేర్లు. ప్రపంచమంతటా భూవిజ్ఞానులు ఈ రెండు పేర్లనే వాడతారు. ఈ ఆహు రాళ్లు బసాల్టు జాతివి. రాజమహేంద్రవరం సమీపాన పంగిడి, గౌరీపట్నం క్వారీలలో రోడ్ల కంకరకు కొట్టే నల్లరాయి కూడా లావా చల్లబడగా ఏర్పడిన బసాల్టే. అయితే దాని వయసు ఆరు కోట్ల ఏళ్లకు పైమాట కాగా, ఈ రాళ్ల వయసు ఒక మనిషి జీవితకాలమంత కూడా లేదు. వాటిని దగ్గరగా చూస్తే గాజుముక్కల్లా మెరిసే లేత ఆకుపచ్చ గింజలు కనిపిస్తాయి. అవి ఒలివీన్ అనే ఖనిజపు స్ఫటికాలు, లావా ఇంకా భూమి లోపల ఉండగానే గట్టిపడి దానితోపాటు పైకి వచ్చినవి.

రాళ్లు ఆహుగా మారడం ఒక నిర్ణయం వల్ల జరిగింది. పూర్వం హవాయి ప్రజలు భూభాగాల ఎల్లలను రాళ్ల కుప్పలతో గుర్తించేవారు. ఆ పద్ధతినే ఉద్యానపు దారి సిబ్బంది నడకదారులకు అనువర్తించి, పగుళ్లను, బోలు పొరలను తప్పించే వరసను ఎంచుకొని, ఆ వరస పొడవునా ఆహులను నిలిపారు. అడుగున వెడల్పాటి రాళ్లు, వాటిపై లోపలికి వాలేలా చిన్న రాళ్లు, సందుల్లో చీలలుగా దిగగొట్టిన ముక్కలు—ఈ అమరిక వల్లనే వానకూ గాలికీ ఈ కుప్ప చెదరదు.

ఈ దారి 5.3 కిలోమీటర్ల చుట్టు. బిలం అంచున ఓహియా చెట్లు, హాపువు అనే చెట్టంత ఫెర్న్‌లు ఉన్న వానఅడవిలో మొదలై, సుమారు 120 మీటర్లు దిగి, గడ్డకట్టిన సరస్సును దాటి, మళ్లీ అంచుకు ఎక్కుతుంది. తీరిగ్గా నడిస్తే రెండు మూడు గంటలు పడుతుంది. కొందరు ఉద్యానం అనుమతి పొందిన మార్గదర్శుల వెంట బృందాలుగా దిగివస్తారు. అనుభవజ్ఞుడైన మార్గదర్శి ఆహు పక్కన బృందాన్ని ఆపి, పగుళ్లలోంచి లేచే ఆవిరిని చూపించి, అది లావా నుంచి వచ్చే వాయువు కాదనీ, వాననీరు లోతుకు ఇంకి, ఇంకా వేడి తగ్గని రాతిని తాకి తిరిగి వస్తున్నదనీ వివరిస్తాడు. ఇది పెలె దేవత నివాసమని హవాయి ప్రజలు భావించే చోటనీ, ఇక్కడ నడిచేవారు అతిథులనీ గుర్తుచేస్తాడు. తనంత తానుగా వెళ్లే నడకరి పది నిమిషాల్లో దాటిపోయే నేలలో, చెప్పేవారు తోడుంటే పూర్తి పాఠం దొరుకుతుందని ఈ ఆహుకు గట్టి నమ్మకం.

ఆహుకు జానెడు దూరంలో ఉన్న పగులులో కుపుకుపు అనే చిన్న ఫెర్న్ పెరిగింది. దాని వేళ్ల మధ్య చిటికెడు మన్ను చేరింది. దానికి కాస్త అవతల మొలిచిన ఓహియా మొక్క ఏనాడో ఎర్రని లెహువా పూలు పూసి, ఆపపానె పిట్టకు మకరందం అందించే చెట్టు కావలసి ఉంది. రాతి నుంచి అడవి పుట్టే క్రమంలో తొలిమెట్టు ఇదే గనుక, నడకను ఒకే గీతకు పరిమితం చేయడం ఎంతో అవసరం. దారి తప్పిన ఒక్క అడుగు ఏళ్ల తరబడి చేరిన మన్నును రాల్చేస్తుంది. 2014లో గుర్తించిన ఒక శిలీంధ్రపు తెగులు ఓహియా చెట్లను త్వరితంగా చంపుతున్నందున, దారి మొదట్లో బూట్లను బ్రష్‌తో శుభ్రం చేసుకోవాలన్న నియమం కూడా ఈ అడవి ప్రాణానికి సంబంధించినదే.

2018లో ఈ ఆహు జీవితంలో కష్టకాలం వచ్చింది. శిఖరం కింది శిలాద్రవం తూర్పున దిగువ ప్రాంతానికి తరలిపోయి అక్కడ లావాగా పొంగడంతో, ఆధారం కోల్పోయిన శిఖరం మే నుంచి ఆగస్టు దాకా విడతలు విడతలుగా కుంగింది; ఒక్కో కుంగుబాటుతో 5కు మించిన తీవ్రతగల భూకంపంతో సమానమైన శక్తి వెలువడింది. మే 11 నుంచి సెప్టెంబరు 22 వరకు ఉద్యానంలో అధికభాగం మూసి ఉన్న ఆ కాలంలో గోడల నుంచి బండలు దొర్లాయి, ఆహు పైరాళ్లు జారిపడ్డాయి. దారిని బాగుచేయడానికి వచ్చిన సిబ్బంది అవే రాళ్లను మళ్లీ అమర్చడంతో అది తిరిగి విధుల్లో చేరింది.

అయితే భూకంపం చేసిన హానికంటే, సరదాకు రాళ్లు పేర్చే చేతులు చేసే హాని ఎక్కువ. ఇక్కడ పొగమంచు దిగితే ఎదుటి గోడ కూడా కనిపించదు. అప్పుడు నడకరి కంటపడే ప్రతి రాళ్ల కుప్పనూ దారిగా నమ్ముతాడు. ఫొటో కోసం ఎవరో పేర్చి వదిలిన కుప్ప ఆ మంచులో అతన్ని పగుళ్లవైపు నడిపిస్తుంది. జ్ఞాపకంగా ఎవరో సంచిలో వేసుకుపోయిన రాయి అసలు గుర్తునే లేకుండా చేస్తుంది. అందుకే కొత్త కుప్పలు పేర్చరాదనీ, ఉన్నవాటిని కదపరాదనీ, రాయి తీసుకుపోరాదనీ ఉద్యానం నియమాలు పెట్టింది. సందర్శకుల నుంచి ఈ ఆహు కోరుకునేది కూడా ఆ మూడే. ఎందుకంటే రాళ్లు ఏ కుప్పలోనైనా ఉంటాయి, కానీ నేలను ఎరిగినవారు నిలిపిన చోటే ఉన్నంతవరకే అవి దారి చూపుతాయి.