వక్కాకు తిత్తి చీటీ: టీకా తాత్పర్య సహితము

అవతారిక: వేంపల్లెలో మా పాత మిద్దె పడగొట్టే ముందర అటక మీది సామాను దింపుతుంటే జేజి వక్కాకు తిత్తి బయటపడింది. ఒక అరలో పొడైపోయిన ఆకు, ఒక అరలో మూత బిగుసుకున్న సున్నపుకాయ, ఇంకో అరలో నాలుగు మడతల చీటీ. చీటీకి కర్త జేజి. ఆమెకు అక్షరాలు రావు గనుక వ్రాయసకాడు అప్పట్లో మూడో తరగతి చదివే ఈ వ్యాఖ్యాతే.

మూలము: “సుంనం. బెల్లం పావుకేజీ. చిన్నోనికి బొరుగులు.”

ప్రతిపదార్థము: సుంనం = సున్నము (తప్పు వ్రాయసకానిది, కర్తది కాదు); బెల్లం పావుకేజీ = అరకేజీ అంటే జేజినాయన కండ్లెర్ర జేస్తాడని తగ్గించిన బెల్లము; చిన్నోనికి = చీటీ రాస్తున్నవానికే; బొరుగులు = రాసినందుకు కూలి.

పాఠాంతరము: మా చిన్నాయన “బొగ్గులు” అని చదివినాడు. 1820లో కడపకు వచ్చిన బ్రౌను దొర పండితులకు జీతాలిచ్చి, తాటాకు ప్రతులు పక్కపక్కన పెట్టించి పాఠాలు తేల్పించినాడు. ఇక్కడ ప్రతి ఒక్కటే, పండితులు ఇద్దరు, జీతం సున్న. “చిన్నోడు బొగ్గులేం జేసుకుంటాడురా?” అని మా అత్త అడిగేసరికి ఆ పాఠము వీగిపోయెను.

విశేషము: జేజి కమ్మలు పంచుకున్నాము. కరిగించి ఉంగరాలు చేయించినాము. వాటిలో ఇప్పుడు తూకమే ఉంది, జేజి లేదు. తిత్తిని మాత్రం ఎవరూ అడగలేదు. పనికిరానిదని వదిలేసినందుకే, అంచు మీద ఆమె తుడుచుకున్న సున్నపు వేలిగుర్తుతో సహా మిగిలింది.

దృష్టాంతము: మా ఊరికి దగ్గర గండిలో, పాపాఘ్ని కొండను చీల్చుకొని వచ్చే చోట, రామునికి స్వాగతంగా వాయుదేవుడు బంగారు తోరణం కట్టినాడంట. విప్పడం మరిచినాడేమో, ఇంకా ఉందంట. చావు దగ్గరపడినోళ్ళకే కనబడుతుందంట. మన్రో దొరకు కనబడిందని చెప్పుకుంటారు. ఆయన 1827లో పత్తికొండ దగ్గర కలరాతో పోయినాడు. తోరణము పోయేవాళ్ళకు కనబడును. తిత్తి ఉండిపోయినవాళ్ళకు కనబడును.

తాత్పర్యము: అంగడికి ఇచ్చిన చీటీ తిరిగి రాదు. తిత్తిలోనే ఉన్నదంటే సరుకు రాలేదని అర్థము. నా కూలి బాకీ.

ఫలశ్రుతి: నిన్న ఆ చీటీ పట్టుకొని అంగడికి పోయినాను. బెల్లం, బొరుగులు కట్టించి, సున్నం అడిగినాను.

“ఇంటికా సామీ, నోటికా?” అన్నాడు అంగడాయన.

ఈ వాక్యమునకు వ్యాఖ్య తోచలేదు.