అమెరికా ఒకటో తరగతికి ఎంట్రన్స్ కోచింగ్

పాస్‌పోర్టులో వీసా పడిందన్న కబురు తెలిసిన సాయంత్రానికల్లా ఉయ్యూరులో ఆ ఇంటికి చుట్టాలు దిగుతారు. జీతమెంతో సూటిగా అడిగితే బాగుండదు కాబట్టి చుట్టూ తిప్పి అడుగుతారు. రెండో ప్రశ్నకు ఆ మొహమాటం ఉండదు. "మరి పిల్లాడి చదువో?" అంటారు. పిల్లాడికి ఆరేళ్లు. అప్పటిదాకా సూట్‌కేసుల సైజుల గురించి మాట్లాడుకుంటున్న ఇల్లు ఒక్కసారిగా ఐఐటీ సీటు చేజారినంత దిగాలు పడుతుంది. "ఇక్కడి సిలబస్సుతో వెళ్తే అక్కడ వెనకబడిపోతాడు" అంటాడు గుడివాడ మేనమామ. "ఇక్కడి సిలబస్సుతో వెళ్తేనే అక్కడ ఫస్టొస్తాడు" అంటాడు పామర్రు పెదనాన్న. ఇద్దరిలో ఎవరూ అమెరికా బడి గేటు చూసినవాళ్లు కారు. అయినా చెప్పడానికి తడుముకోరు.

చివరికి కుదిరే రాజీ ఒకటే. ప్రయాణానికి ఆరు నెలలుంది కదా, ఈలోపు బెజవాడలో ఏదన్నా ఇంటర్నేషనల్ స్కూల్లో వేసేస్తే అలవాటు పడతాడు. బెంజి సర్కిల్ దగ్గర బందరు రోడ్డెక్కి పోరంకి, పెనమలూరు, కంకిపాడు మీదుగా ఉయ్యూరు చేరేలోపు బోర్డుల మీద ఇంటర్నేషనల్, గ్లోబల్, టెక్నో, ఒలింపియాడ్, కాన్సెప్ట్ లాంటి మాటలు ఎన్ని కనిపిస్తాయో లెక్కపెట్టే ఓపిక డ్రైవరుకు కూడా ఉండదు. పేరులో ఇంటర్నేషనల్ ఉన్నంత మాత్రాన ఆ బడి బస్సు కంకిపాడు దాటి వెళ్లదు. అయితేనేం, అడ్మిషన్ ఫీజు మాత్రం అట్లాంటిక్ దాటిన స్థాయిలోనే ఉంటుంది.

ఇంతకీ ఆ అమెరికా బడి అడిగేదేమిటి? మనవాళ్లు ఎక్కువగా చేరే టెక్సస్ సంగతే చూద్దాం. ఆ ఊళ్లోనే ఉంటున్నారని చూపడానికి అద్దె ఒప్పందమో కరెంటు బిల్లో, పుట్టినతేదీ పత్రం, టీకాల కార్డు. సర్కారు బడికి ప్రవేశ పరీక్ష లేదు, ఫీజు లేదు, తల్లిదండ్రుల ఇంటర్వ్యూ లేదు. ఎక్కడ ఉంటున్నారో దాన్నిబట్టి ఏ బడో తేలుతుంది. సెప్టెంబరు 1 నాటికి అయిదేళ్లు నిండితే కిండర్‌గార్టెన్, ఆరు నిండితే ఒకటో తరగతి. "మావాడు ఇక్కడ రెండో క్లాసు పూర్తి చేశాడండీ, పన్నెండో ఎక్కం దాకా అప్పజెబుతాడు, మూడులో వేసుకోండి" అని తండ్రి ఎంత గర్వంగా చెప్పినా ఆఫీసు గుమాస్తా చిరునవ్వుతో వినేసి పుట్టినతేదీ కాగితం వైపే చూస్తుంది. మూడేళ్లకే పలక పట్టించి, డబుల్ ప్రమోషన్లు కొట్టించి కూడబెట్టిన ఏడాదంతా ఆ కౌంటరు దగ్గర ఆవిరి.

అసలు చిక్కు టీకాల దగ్గర. ఉయ్యూరు సర్కారు ఆస్పత్రిలో ఇచ్చిన కార్డులో గడులన్నీ నిండే ఉంటాయి. కానీ మన సార్వత్రిక టీకాల కార్యక్రమంలో తట్టుకు, రుబెల్లాకు మందుంది గానీ గవదబిళ్లలకు లేదు, ఆటలమ్మకు లేదు, హెపటైటిస్ ఎ లేదు. టెక్సస్ బడికి ఈ మూడూ కావాలి. పైగా ఆటలమ్మకు, హెపటైటిస్ ఎ కు రెండేసి డోసులు. వీసా పడగానే పిల్లల డాక్టరు దగ్గరకు వెళ్తే చాలావరకు ఇక్కడే తీరిపోయే పని ఇది. ఆ ఆరు నెలలూ పిల్లాడు సాయంత్రం పూట అమెరికన్ యాసలో "వాటర్" అనడం నేర్చుకుంటుంటాడు. వాటర్ వస్తుంది, టీకా రాదు.

ఇంకో చిట్కా కూడా తిరుగుతుంటుంది. మనం వెళ్లడం ఆలస్యమైతే పిల్లాడిని ముందే స్టూడెంట్ వీసా మీద డాలస్‌లో బాబాయి ఇంటికి పంపేస్తే సరి అని. 1996లో తెచ్చిన చట్టం ఆ దారి మూసేసింది. ఎఫ్-1 వీసా మీద ఎనిమిదో తరగతి దాకా సర్కారు బడిలో చేరే వీలే లేదు. హైస్కూలైతే ఏడాది మాత్రమే, అదీ ఖర్చంతా కట్టుకుని. అదే తల్లిదండ్రుల వెంట హెచ్-4 మీద వెళ్లిన పిల్లాడికి పైసా ఖర్చు లేదు. ఈ తేడా చెప్పే కన్సల్టెన్సీకి గిరాకీ తక్కువ, ఎందుకంటే ఇందులో కట్టవలసిన ఫీజేమీ లేదు.

ఇక అన్నిటికన్నా రుచికరమైన ఘట్టం. బడిలో చేర్చుకునేటప్పుడు ఒక చిన్న ఫారం ఇస్తారు. ఇంట్లో ఎక్కువగా ఏ భాష మాట్లాడతారు, పిల్లాడు ఏ భాషలో మాట్లాడతాడు అని అడుగుతుందది. ఆ ప్రశ్న వెనక పెద్ద కథ ఉంది. శాన్‌ఫ్రాన్సిస్కోలో ఇంగ్లీషు రాని చైనా పిల్లలను ఏ సాయమూ చెయ్యకుండా ఇంగ్లీషు క్లాసులో కూర్చోబెట్టడం అన్యాయమని 1974లో అమెరికా సుప్రీంకోర్టు చెప్పింది. భాష రానివాడికి బడే నేర్పాలన్న పద్ధతి దాంతో గట్టిపడింది. అంటే ఆ చైనా తల్లిదండ్రులు కోర్టుకెక్కి సాధించింది ఉయ్యూరు పిల్లాడికీ ఉచితంగా అందుతుంది.

మన తండ్రి ఏం చేస్తాడు? కొత్త అపార్టుమెంటు వంటింటి గట్టు మీద ఫారం పెట్టుకుంటాడు. కుక్కరు మూడో కూత వేస్తుంటుంది. ఫోను తెరలో ఉయ్యూరు నుంచి నాయనమ్మ "ఏరా, బాబుకు పెరుగన్నం పెట్టారా లేదా? చలికి కఫం చేస్తుందేమో, చూసుకోండి" అని అడుగుతుంటుంది. "పెట్టామమ్మా, ఇప్పుడే తిన్నాడు" అని జవాబు చెబుతూనే ఆయన గడిలో 'ఇంగ్లీషు' అని రాస్తాడు. రెండో గడిలోనూ ఇంగ్లీషే. ఎందుకయ్యా అంటే, తెలుగని రాస్తే ఇఎస్ఎల్ అనే ఇంగ్లీషు రానివాళ్ల క్లాసులో వేస్తారట, వేస్తే పిల్లాడి మీద ముద్ర పడుతుందట, పడితే పెద్దయ్యాక స్టాన్‌ఫర్డువాళ్లు చూస్తారట. నిజానికి తెలుగని రాస్తే ముందు ఒక పరీక్ష పెడతారు. అందులో ఇంగ్లీషు వచ్చని తేలితే అక్కడితో సరి. రాలేదంటే అదనంగా నేర్పుతారు. అదీ వద్దనుకుంటే వద్దని రాసిచ్చే హక్కు తల్లిదండ్రులకుంది. బెజవాడలో డబ్బు కట్టి, క్యూలో నిలబడి కొన్న స్పోకెన్ ఇంగ్లీషు ఇక్కడ ఊరికే చెబుతామంటే అవమానమైపోయింది!

ఆ తరవాత ఏడాది తిరక్కుండానే అదే తండ్రి ఆదివారం పూట పిల్లాడిని కార్లో ఎక్కించుకుని తెలుగు తరగతికి బయల్దేరతాడు. సిలికానాంధ్ర 2007లో మొదలుపెట్టిన మనబడి లాంటివి అమెరికాలో ఊరూరా నడుస్తున్నాయి. వాలంటీర్లు ఓపిగ్గా అక్షరాలు దిద్దిస్తున్నారు. వాళ్లకు దణ్ణం పెట్టాల్సిందే. కానీ సోమవారం నుంచి శుక్రవారం దాకా ఇంట్లో లేదని సంతకం పెట్టి చెప్పిన భాషను ఆదివారం ఫీజు కట్టి తెచ్చుకోవడం అనే ఈ ఏర్పాటు మాత్రం మనవాళ్లే కనిపెట్టాలి.

బడి ఎంచుకోవడం కూడా చూడవలసిన ముచ్చటే. చిరునామాను బట్టి బడి వస్తుందని తెలియగానే చిరునామానే ఎంట్రన్స్ పరీక్షగా మార్చేశారు. 1998లో కాలిఫోర్నియాలో మొదలైన గ్రేట్‌స్కూల్స్ అనే సంస్థ బడులకు ఒకటి నుంచి పది దాకా మార్కులిస్తుంది. ఇళ్లు అమ్మే వెబ్‌సైట్లలో పడగ్గదుల సంఖ్య పక్కనే ఆ మార్కూ కనిపిస్తుంది. డాలస్ పక్కన ఫ్రిస్కోలో గానీ, న్యూజెర్సీలోని ఎడిసన్‌లో గానీ, అట్లాంటా పక్కన కమ్మింగ్‌లో గానీ ఇల్లు వెతికే తెలుగు కుటుంబానికి వాస్తు తరవాతి శాస్త్రం ఇదే. తూర్పు గుమ్మం ఉండి ఎనిమిదొస్తే తీసుకోవాలా, దక్షిణ గుమ్మం ఉండి పదొస్తే తీసుకోవాలా అని ఉయ్యూరుకు ఫోన్లు వస్తుంటాయి. ఆ మార్కుల్లో పెద్ద భాగం పరీక్షల ఫలితాల నుంచి వచ్చిందని, ఆ ఫలితాలు తల్లిదండ్రుల సంపాదనతోనూ చదువుతోనూ పాటే నడుస్తాయని ఎవరికీ పట్టదు. పదికి పది వచ్చిన పేటకు ర్యాంకుల తండ్రులంతా చేరతారు. వాళ్లు చేరినందుకు అది పదికి పదిగానే ఉంటుంది. టీచర్లకు ఇందులో పాత్ర ఉందో లేదో వాళ్లకే తెలియాలి.

చేరాక సాయంత్రాలు చూడండి. సోమవారం కుమాన్ ట్యూషన్. బుధవారం రష్యన్ స్కూల్ ఆఫ్ మ్యాథమెటిక్స్. ఇది రష్యాలో కాదు, 1997లో మసాచుసెట్స్‌లోని న్యూటన్‌లో పుట్టింది, ఆ పేరుకు మన టెక్నో బోర్డులకు ఉన్నంత ఆకర్షణ ఉంది. మిగిలిన రోజుల్లో ఆన్‌లైన్ ట్యూషన్, అదీ కృష్ణా జిల్లా లెక్కల మాస్టారి దగ్గరే. ఫ్రిస్కోలో రాత్రి ఏడంటే వేసవిలో మనకు తెల్లవారుజామున అయిదున్నర. అదే గంటలో పోరంకి హాస్టల్లో ఇంటర్ పిల్లలను స్టడీ అవర్‌కు లేపుతుంటారు. ఈ స్టడీ అవర్ నుంచి పిల్లాడిని తప్పించడానికే అమెరికా వచ్చామని ఆ తండ్రి అందరికీ చెప్పుకుంటాడు. వాడు తప్పించుకున్నది ఒక్క హాస్టల్ చారునే.

చరిత్రలో చిన్న తమాషా కూడా ఉంది. 1986లో విజయవాడలో శ్రీచైతన్య బాలికల జూనియర్ కళాశాల పెట్టిన డాక్టర్ బి.ఎస్.రావు దంపతులు అంతకుముందు ఇంగ్లండ్‌లో, ఇరాన్‌లో వైద్యం చేసి తిరిగొచ్చినవాళ్లే. విదేశం నుంచి వచ్చినవాళ్లు ఈ కోచింగును ఇక్కడ మొదలుపెట్టారు, ఇక్కడి నుంచి వెళ్లినవాళ్లు అక్కడ మొదలుపెట్టుకున్నారు. ఇచ్చిపుచ్చుకోవడం పూర్తయింది.

లెక్కల తరవాత స్పెల్లింగులు. 2019లో అమెరికా జాతీయ స్పెల్లింగ్ బీలో ఎనిమిది మందిని కలిపి విజేతలుగా ప్రకటించారు, వాళ్లలో ఏడుగురు భారత సంతతి పిల్లలు. వాళ్లను ఓడించే పదాలు నిర్వాహకుల దగ్గర నిండుకున్నాయి. పిల్లలు నిజంగానే గట్టివాళ్లు, అందులో వెక్కిరించేదేమీ లేదు. వెక్కిరించవలసింది, అది చూసి మర్నాడే ఒకటో తరగతి పిల్లకు లాటిన్ ధాతువుల పుస్తకం ఆర్డరు పెట్టిన పెద్దలను.

ఇంగ్లండ్ అయితే మనవాళ్లకు తీరని ద్రోహమే చేసింది. అక్కడ బడులను తనిఖీ చేసే ఆఫ్‌స్టెడ్ సర్కారు బడులకు ఒక్క మాటలో ఇచ్చే గ్రేడును 2024 సెప్టెంబరులో ఎత్తేసింది. ఇప్పుడు ఒక్క మాట చూసి తేల్చుకోవడం కుదరదు. అంతకుముందే, ఆ ఏడాది జనవరి నుంచి పరిశోధన కోర్సు కాని మాస్టర్స్ చదవడానికి వెళ్లేవాళ్లు భార్యాబిడ్డలను వెంట తీసుకెళ్లే వీలు పోయింది, మార్చి నుంచి కేర్ వర్కర్లకూ పోయింది. వాళ్ల పిల్లలకు ఏ బడి మంచిదన్న చర్చే లేదు.

దుబాయ్ వెళ్లే డ్రైవరుకూ లేదు. అక్కడికి కుటుంబాన్ని తెచ్చుకోవాలంటే నెలకు 4,000 దిర్హాంలు, లేదా 3,000తో పాటు వసతి చూపించాలి. చూపించగలిగినా, మన పిల్లలకు దొరికేది ఎక్కువగా ఫీజులు కట్టే ప్రైవేటు బడే. అందుకని కడప నుంచి, గోదావరి జిల్లాల నుంచి వెళ్లిన వేలమంది పిల్లలకు వలస చదువంటే అమ్మమ్మ ఊరి జిల్లా పరిషత్ హైస్కూలు. దాని మీద సెమినార్లు పెట్టరు, జిప్‌కోడ్ చర్చలు చెయ్యరు. ఎవరూ రేటింగులూ ఇవ్వరు.

ఊళ్లోనే ఉండిపోయిన ఆ పిల్లలు చిన్నబుచ్చుకోకూడదని కాబోలు, రాష్ట్ర ప్రభుత్వం అమెరికానే వాళ్ల దగ్గరకు తెచ్చింది. 2023 జూన్‌లో టోఫెల్ పరీక్ష పెట్టే అమెరికా సంస్థ ఇటిఎస్‌తో ఒప్పందం చేసుకుని మూడో తరగతి నుంచే సర్కారు బడుల్లో టోఫెల్ అంది. 2024 జనవరి 31న ఇంటర్నేషనల్ బాకలారియట్ సిలబస్ సంస్థతోనూ సంతకాలయ్యాయి. ఆ ఏడాదే ప్రభుత్వం మారింది, సంతకాలు చరిత్రలో కలిశాయి. ఈలోపు మరుగుదొడ్డి తలుపుకు గొళ్లెం వేయించిన హెడ్మాస్టరు ఎవరైనా ఉంటే ఆయనకే అంతర్జాతీయ ప్రమాణాల పతకం ఇవ్వాలి.

మళ్లీ మన ఫ్రిస్కో తండ్రి దగ్గరకు వద్దాం. పదికి పది బడి దొరికింది, ఇల్లూ కొన్నాడు. ఆయన ఎంతో శ్రద్ధగా చదివిన కాగితాల్లో ఒక అంకె మాత్రం కంటికి ఆనలేదు. పిల్లాడు హెచ్-4 మీద ఉండగలిగేది ఇరవై ఒకటో ఏడు నిండేదాకానే. ఉద్యోగం మీద ఏటా ఇచ్చే గ్రీన్‌కార్డుల్లో ఏ ఒక్క దేశానికీ ఏడు శాతం మించకూడదని 1990 నాటి చట్టం, మనవాళ్ల వరసేమో దశాబ్దం దాటిపోయింది. ఆలోగా కార్డు రాకపోతే ఆ దేశంలోనే పెరిగిన పిల్లాడు స్టూడెంట్ వీసాకు దరఖాస్తు పెట్టుకోవాలి, లేదా పెట్టె సర్దుకోవాలి. ఇలా గడువు మీద బతికే పిల్లలు రెండు లక్షలకు పైనే ఉంటారని అంచనా. ఆ సంగతి ఎత్తితే ఆయన చెయ్యి ఊపేస్తాడు. "అప్పటికి ఏదో ఒకటి అయిపోతుంది లెండి. ఇంతకీ మీకెవరైనా తెలిస్తే చెప్పండి, ఆల్జీబ్రా ఏడులో ఇప్పిస్తే లేటవుతుందా, ఆరులోనే వేయించమంటారా?"