గుచ్చినంత మోగు: ఒక పెన్‌డ్రైవ్ పద్యానికి టీకా తాత్పర్యం

ఆ.వె.
గుచ్చినంత మోగు గుర్తింపు లేదాయె
వెలుగు మినుకుమనును వెనుక నాఱు
ఫార్మటనుచు నడుగు బాపురే యంత్రమ్ము
కంది చేల సీమ కదలదేమి

అవతారిక: కవి ఎవరో తెలియదు. తాండూరు రైల్వే స్టేషను దగ్గర జిరాక్సు సెంటరు నడిపినవాడని కొందరు, అక్కడ గంటలకొద్దీ నిలబడ్డ గిరాకీ అని కొందరు. సందర్భం మాత్రం వివాదం లేనిది. వికారాబాద్‌లో పెండ్లి, వీడియో పెన్‌డ్రైవులో వేసి ఇచ్చారు. పెండ్లిపిల్ల అన్న దాన్ని జేబులో వేసుకుని రైలెక్కి, ధారూరు దాటి, తాండూరులో దిగి, సెంటరు కంప్యూటరుకు గుచ్చాడు. ఆ క్షణాన పుట్టిన పద్యమిది.

టీక: గుచ్చినంత = పోర్టులో పెట్టీపెట్టగానే; మోగు = డింగుమనును; గుర్తింపు లేదాయె = పోల్చుకొనుట లేకపోయెను; వెలుగు = కొసనున్న చిన్న లైటు; మినుకుమనును = రెప్పలార్చును; వెనుకన్ = ఆపై; ఆఱు = ఆరిపోవును; యంత్రమ్ము = కంప్యూటరు; ఫార్మటనుచున్ = ఫార్మాట్ చేయనా అంటూ; అడుగున్ = ప్రశ్నించును; బాపురే = ఔరా; కంది చేల సీమ = ఓ తాండూరు ప్రాంతమా; కదలదేమి = పని ముందుకు సాగదేమి? ఫార్మాట్‌లోని దీర్ఘం గణాల కోసం పోయింది. ఫైళ్లు పోవడం కంటే అది నయం.

తాత్పర్యం: పెన్‌డ్రైవ్ ఓపెన్ కావడం లేదు.

విశేషాలు: ఇక్కడొక శంక. గుర్తింపే లేదన్న కవి, యంత్రం ఫార్మాట్ చేయనా అని అడుగుతోందంటాడేమి? ఎవరో తెలియని మనిషికి గుండు చేయనా అని అడిగినట్టుంది కదా! పూర్వవ్యాఖ్యాతలు దీన్ని విరోధాభాసమని తేల్చి చేతులు దులుపుకున్నారు. నాకది సమ్మతం కాదు. గుర్తింపులు రెండు. పోర్టు వస్తువును గుర్తించడం ఒకటి, విండోస్ అందులోని ఫైళ్ల పట్టికను చదవగలగడం రెండోది. మొదటిది జరిగింది, కనుకనే మోగింది, డ్రైవుకు అక్షరమూ దక్కింది. రెండోది జరగలేదు. డిస్క్ మేనేజ్‌మెంట్ తెరిచి చూస్తే ఆ డ్రైవు పక్కన ‘రా’ అని ఉంటుంది. ఎంత పిలిచినా రాదు. ఇది శ్లేష.

మొదటి గుర్తింపే లేకపోతే కథ వేరు. యూఎస్‌బీ మూతిలో నాలుగు రేకులుంటాయి. అంచుల్లోని రెండూ పొడుగు, కరెంటువి. నడిమివి పొట్టి, సమాచారానివి. కరెంటు ముందు అందాలనే ఆ ఏర్పాటు. కాబట్టి లైటు వెలిగినంత మాత్రాన అక్షరం చేరినట్టు కాదు. నడిమి రేకులకు దుమ్ము అడ్డుపడితే వదిలించడానికి రెండు సంప్రదాయాలు. వికారాబాద్ వారిది ఊదుడు పక్షం. క్షయరోగులు గాలి మార్పుకు వచ్చిన అనంతగిరి పక్కనుండగా ఊపిరి మీద ఆ మాత్రం నమ్మకం సహజమే గానీ, ఊదితే తుంపరలూ లోపలికి పోతాయి. తాండూరు వారిది తుడుచుడు పక్షం. బండలు కోసి పాలిష్ పట్టే ఊరు. ఆ బూడిదరంగు పొడి సీపీయూ ముందరి పోర్టులో సన్నగా పేరుకుంటుంది. కంప్యూటరు ఆపి, పొడి బ్రష్షుతో దులిపి, వెనక పోర్టులో గుచ్చాలంటారు. వెనక పోర్టులు నేరుగా మదర్‌బోర్డు మీదే ఉంటాయి, ముందరివి తీగతో లాగినవి. తాండూరు పక్షమే గ్రాహ్యం.

మూడో పాదమే పద్యానికి ప్రాణం. సెంటరు కుర్రాడి వేలు మౌస్ మీదుంది.

“అన్నా, ఫార్మాట్ కొట్టాల్నా?”

“ఏయ్, కొట్టకు! క్యాన్సిల్ కొట్టు.”

పట్టిక చెడినా వీడియో చాలావరకు ఉన్నచోటే ఉంటుంది. క్విక్ ఫార్మాట్ కొత్త పట్టిక రాస్తుందంతే, తిప్పలు పడితే తిరిగి తీయొచ్చు. క్విక్ మీది టిక్కు తీసేస్తే మాత్రం, విస్టా నుంచి విండోస్ అంతటా సున్నాలు నింపుతుంది. నవ్యులు వెంటనే చెక్‌డిస్క్ అంటారు. అదీ తొందరే. అది పట్టికను అక్కడికక్కడే సరిచేయబోయి, దిక్కులేని ముక్కలను ‘ఫైల్0000’ అని పేరు పెట్టి చేతిలో పెట్టగలదు. అందులో తలంబ్రాలేవో, బరాతేదో తెలియదు. ముందు టెస్ట్‌డిస్క్, ఫొటోరెక్ వంటివాటితో ఫైళ్లు తీసి వేరే డిస్కులో దాచాలి. ఫొటోరెక్ పట్టిక జోలికే పోదు, ఫైలు మొదటి బైట్లను చూసి పోల్చుకుంటుంది. పేర్లు దక్కవు, బొమ్మలు దక్కుతాయి. ఫార్మాట్ ఆ తర్వాతి మాట.

కంప్యూటరులో ఆడి పాత టీవీలో ఆడకపోతే డ్రైవును తిట్టకూడదు. ఫ్యాట్32లో ఒక్క ఫైలు 4 జీబీ దాటరాదు. అందుకని పెద్ద వీడియోలకు 2006లో వచ్చిన ఎక్స్‌ఫ్యాట్ వాడతారు. పాత టీవీల్లో చాలా వాటికి అది రాదు.

పాఠాంతరం: నాలుగో పాదం ఒక ప్రతిలో “బండ గనుల సీమ బదులు లేదు” అని ఉంది. యతి రెంటికీ సరిపోయింది. అయినా కంది పాఠమే నాకు రుచించింది. తాండూరు కందిపప్పుకు 2022లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. పప్పుకు దక్కిన గుర్తింపు పెన్‌డ్రైవుకు దక్కలేదన్న ధ్వని బండల్లో లేదు. వికారాబాద్ ప్రతిలో నాలుగో పాదమే లేదు. కాపీ అవుతుండగా రైలు టైమైందని ఎవరో డ్రైవును లాగేశారట.