నిమ్మతొక్క మీద కాపురం

ఆత్మకథ అన్నాక 'నేను' అనాలి. ఈ కథ చెప్పుకుంటున్న జీవికి ఆ వీలు లేదు. తిండీ వెచ్చదనమూ అమరితే అరగంటలోనే అది రెండవుతుంది. ఆ రెంటిలో 'నేను' ఏది? అందుకే తన సంగతిని పొరుగింటి సంగతిలా చెప్పుకుంటుంది. ఈ బ్యాక్టీరియా పేరు బ్యాసిల్లస్ సబ్టిలిస్, వెనక తగిలించిన తోక ఏఎఫ్1. పేరు తెచ్చుకున్నది గచ్చిబౌలిలో, హైదరాబాద్ విశ్వవిద్యాలయం ప్రయోగశాలలో.

వంశం పాతదే. 1835లో ఎహ్రెన్‌బర్గ్ ఒక పేరు పెట్టాడు, 1872లో ఫెర్డినాండ్ కోన్ దాన్ని ఇప్పటి పేరుకు మార్చాడు. ఎండుగడ్డి నానిన నీళ్లను మరగబెట్టినా ఈ జాతి చావదు. గట్టి సిద్ధబీజంగా ముడుచుకుంటుందని 1876లో తేల్చిందీ కోనే. జపాన్‌వాళ్లు సోయాగింజల్ని 'నట్టో'గా పులియబెట్టేది దీని చుట్టాలతోనే.

ఏఎఫ్1 పుట్టిల్లు కంది చేల మట్టి. వేరుశనగ మొదలుకుళ్లుకు కారణమైన నల్లబూజు ఆస్పర్జిల్లస్ నైజర్‌ను అది కరిగించేస్తుందని 1996లో ప్రొఫెసర్ పొదిలె అప్పారావు బృందం ప్రకటించింది. 1998లో మాదాపూర్‌లో సైబర్ టవర్స్ తెరుచుకుంది, ఊరంతా అటే చూసింది. ఆ ఏడాదే ఏఎఫ్1కు తలవంపు ఎదురైంది. కంది ఎండుతెగులు శిలీంధ్రం ఫ్యుజేరియం ఉడమ్ దీని కరిగించే శక్తికి లొంగలేదని పరిశోధనాపత్రం వచ్చింది. పుట్టింటి పంటను పీడించే శత్రువు దగ్గరే కత్తి మొద్దుబారిందన్నమాట! దాచుకోవాల్సిన సంగతే, కానీ అచ్చులో ఉన్నదాన్ని దాచేదెలా?

ఇక నిమ్మకాయ.

నకిరేకల్ మార్కెట్‌కో గూడూరు మార్కెట్‌కో వచ్చిన నిమ్మకాయల్ని చూడండి. కోసేటప్పుడు ముల్లు గీరుతుంది, బస్తాలు ఎత్తి పడేసేటప్పుడు తొక్క చిట్లుతుంది. కంటికి ఆనని ఆ గాటే నల్లబూజుకు గుమ్మం. కాయ మెత్తబడి, నీరుకారి, పక్కకాయకూ అంటిస్తుంది. గాటు దగ్గర ఏఎఫ్1 ముందే కాపురం పెడితే తంతు మారుతుంది. బూజు గోడలో కైటిన్ ఉంటుంది, భీమవరం రొయ్య పెంకులో ఉండే పదార్థమే. ఏఎఫ్1 వదిలే కైటినేజ్ ఎంజైము దాన్ని కొరికేస్తుంది. ఇంటిగోడ కూలాక లోపలున్నవాడి గతి వేరే చెప్పాలా?

అయితే ఎంజైము ఒక్కటీ పిండుకుంటే సరిపోదా, ఈ జీవిని మేపడమెందుకు? మనుషులకు సహజంగా వచ్చే ఆలోచనే ఇది. 2004లో మంజుల, కృష్ణ కిశోర్, అప్పారావు దీన్నే పరీక్షకు పెట్టారు. బతికున్న కణాలు ఒకవైపు, కణాల్లేని వడపోత ద్రవం, కైటినేజ్ తయారీలు మరోవైపు. నిమ్మజాతి పండ్ల కుళ్లు మీదా, వేరుశనగ తుప్పుతెగులు మీదా బతికున్న కణాలే మెరుగ్గా పనిచేశాయని కెనడా సూక్ష్మజీవశాస్త్ర పత్రికలో రాశారు. ఈ విషయం చెప్పేటప్పుడు ఏఎఫ్1 కాస్త ఛాతీ విరుస్తుంది. ఛాతీ లేకపోయినా.

గొప్పంతా తనదే అనుకోదు. 1984లోనే అమెరికాలో పీచ్ పండ్ల గోధుమరంగు కుళ్లును ఇదే జాతి మరో రకంతో ప్యూసీ, విల్సన్ ఆపి చూపించారు. దక్షిణాఫ్రికాలో దీని దాయాది బ్యాసిల్లస్ లైకెనిఫార్మిస్‌ను కోత తర్వాత మామిడి మీద పరీక్షించారు. మామిడితో పని కష్టం. పక్షికన్ను తెగులు శిలీంధ్రం పూతలోనో పిందెలోనో దూరి, పండు మాగేదాకా కిక్కురుమనకుండా కూర్చుంటుంది. గుమ్మం దగ్గర కాపలా కాసేవాడు, ముందే ఇంట్లో దూరినవాడిని ఏం చేస్తాడు?

పని లేనప్పుడు ఏఎఫ్1 సిద్ధబీజమై పడుకుంటుంది. ఐటీ కారిడార్‌లో దీన్ని 'బెంచ్ మీద ఉండటం' అంటారు. కంపెనీ బెంచ్‌కు గడువుంటుంది, సిద్ధబీజానికి ఏళ్లు గడిచినా తొందర లేదు. తిండి తగిలితే చాలు, లేచి పనిలో దిగుతుంది. పొడిగా చేసి ప్యాకెట్లలో నింపడానికి ఈ జాతి అనువుగా ఉండేది ఇందుకే.

విశ్వవిద్యాలయం గోడ అవతల, హైటెక్ సిటీ ఫుడ్‌కోర్టులో ఎవరో బిర్యానీ మీద నిమ్మచెక్క పిండి, తొక్కను బుట్టలో పడేస్తారు. ఆ బుట్టలో నల్లబూజు మొలుస్తుంది. ఎక్కడినుంచో ఎగిరొచ్చిన దుమ్ములో బ్యాసిల్లస్ చుట్టం ఒకటి కళ్లు తెరిచి, పక్కనే కాపురానికి చోటు వెతుక్కుంటుంది.